కూలెంట్ చల్లబరచదు

"మన దగ్గర మంచు పడుద్దా ఏంటి సార్, కూలెంట్ ఎందుకు దండగ? నీళ్ళు పొయ్యండి చాలు."

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు కాసేపు నిలబడినా ఈ మాట చెవిన పడుతుంది. రేడియేటర్‌లో నీళ్ళతో కలిపి పోసే కూలెంట్ చలికి నీళ్ళు గడ్డకట్టకుండా ఉండటానికే అని వాళ్ళ లెక్క. చెప్పేవాళ్ళు పని రానివాళ్ళేమీ కాదు. చప్పుడు విని బేరింగు పోయిందో బెల్టు పోయిందో చెప్పేసేవాళ్ళు. పైగా ఆ మాటలో సగం నిజముంది. ఆ సగం నిజాన్ని అడ్డం పెట్టుకునే మిగతా సగం ఇన్నేళ్ళుగా చెల్లిపోతోంది.

ముందు నిజమే చూద్దాం. ఇంజన్‌ని చల్లబరిచేది నీళ్ళే. కిలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి 4.18 కిలోజూళ్ళు కావాలి. కూలెంట్ సీసాలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌కి 2.4 చాలు. రెండూ చెరిసగం కలిపితే 3.3 దగ్గర తేలుతుంది. అంటే వేడి మోసుకుపోయే పనిలో నీళ్ళకి కూలెంట్ సాయపడకపోగా అడ్డం పడుతుంది. "ఎండాకాలం కదా, ఈసారి నీళ్ళు కలపకుండా చిక్కగా పోయించాను, బండి కూల్‌గా ఉంటుంది" అని మా బావగారు గర్వంగా చెప్పినప్పుడు నేను చేసిన మొదటి పని, ఆయన చేత సగం తీయించి డిస్టిల్డ్ వాటర్ పోయించడం. చిక్కటి కూలెంట్ పంపులోంచి తిరగడానికీ కష్టపడుతుంది, వేడి మోయడానికీ కష్టపడుతుంది. ఇంకో తమాషా, అచ్చంగా గ్లైకాల్ ఒక్కటే పోస్తే అది మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, చెరిసగం మిశ్రమం మైనస్ 37 దాకా తట్టుకుంటుంది. చలి దేశాల్లో కూడా చిక్కగా పోయడం తెలివి కాదన్నమాట.

మరి మరిగే సంగతి? కూలెంట్ ఉంటే నీళ్ళు త్వరగా మరగవు అంటారు. అదీ నిజమే, కానీ ఎంత తేడా? మామూలు గాలి పీడనంలో నీళ్ళు 100 దగ్గర మరిగితే, చెరిసగం మిశ్రమం 107 దగ్గర మరుగుతుంది. ఏడు డిగ్రీలు. చాలా రేడియేటర్ మూతల మీద 1.1 అని రాసి ఉంటుంది చూడండి, అది దాదాపుగా బార్లలో పీడనం (ఒక బార్ అంటే ఇంచుమించు మామూలు గాలి పీడనమంత). ఆ మూత సరిగ్గా పట్టి ఉంచితే మామూలు నీళ్ళు కూడా 121 దాకా మరగవు. అంటే మూత ఇచ్చే భద్రత కూలెంట్ ఇచ్చేదానికి మూడింతలు. సీసా మీద రంగుల గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళెవరూ మూత రబ్బరు ఎండి పగిలిందేమోనని చూడరు. బండికి వేసే సామాన్లలో బాగా చవకైన వాటిలో అదొకటి.

ఎండాకాలంలో బండ్లు వేడెక్కేది అసలు వేరే కారణంతో. రేడియేటర్ గాలికి వేడిని అప్పజెప్పాలంటే రెండిటికీ మధ్య తేడా ఉండాలి. లోపల 90 డిగ్రీలు, బయట డిసెంబరులో 25 అయితే తేడా 65. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 ఉంటే తేడా కూడా 45 మాత్రమే. అదే రేడియేటర్ మూడో వంతు పని తక్కువ చేస్తుంది. అప్పటిదాకా కనపడకుండా ఉన్న లోపాలన్నీ, సగం మూసుకుపోయిన గొట్టాలు, అరిగిన వాటర్ పంపు, రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము, పురుగులు, ఆ మూడో వంతులో బయటపడతాయి. మొన్నటిదాకా బాగానే ఉంది, ఎండ వల్ల పాడైంది అనుకుంటాం. ఎండ పాడు చేయదు, పట్టిస్తుంది.

గొట్టాలు ఎందుకు మూసుకుపోయాయి, పంపు ఎందుకు అరిగింది అని అడగండి, అప్పుడు కూలెంట్ పని మొదలవుతుంది. నీళ్ళు కలపని సీసాలో నూటికి తొంభై పాళ్ళకు పైగా గ్లైకాలే. మిగిలిన ఆ కొద్ది శాతంలో ఉన్న తుప్పు మందే మనం డబ్బిచ్చి కొనేది. మన ఊళ్ళలో అయితే నా దృష్టిలో కూలెంట్ అంటే అదొక్కటే. చింతపల్లి, లంబసింగి వైపు శీతాకాలంలో తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకునే రోజులు లేకపోలేదు గానీ, దానికోసం మైనస్ 37 దాకా ఎవరూ పోనక్కర్లేదు.

అంబాసిడర్ రోజుల్లో నీళ్ళతో బండి నడిచింది కదా అంటారు. నడిచింది. దాని బ్లాకూ (సిలిండర్లుండే దిమ్మ), దాని మీద మూతలా కూర్చునే హెడ్డూ పోత ఇనుము. రేడియేటరు రాగి, ఇత్తడి. తుప్పు తిన్నా ఇంకా బోలెడు ఇనుము మిగిలేది. రేడియేటర్ కారితే టంకం వేసే షాపు ప్రతి ఊళ్ళోనూ ఉండేది. తిరుమల ఘాట్ ఎక్కుతూ వంపు దగ్గర బానెట్ ఎత్తి, తడిగుడ్డ మూత మీద వేసి, క్యాన్లో నీళ్ళు పోయడం ప్రయాణంలో భాగం. ఇప్పటి కార్లో హెడ్డు అల్యూమినియం, చాలావాటిలో బ్లాకూ అదే. రేడియేటర్ మధ్య భాగం పల్చటి అల్యూమినియం, పక్కల ప్లాస్టిక్ ట్యాంకులు, మధ్య రబ్బరు పట్టీ. దీనికి టంకం వేసేవాడు లేడు. అల్యూమినియానికీ ఇనుముకీ మధ్య ఉప్పునీళ్ళు తిరిగితే అది చిన్నపాటి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది. పాత అలవాటు అలాగే ఉంది, బండే మారిపోయింది.

ఇక నీళ్ళ దగ్గరికి వద్దాం. ఎందుకంటే నా లెక్కలో అసలు తగువు ఇక్కడే ఉంది.

మనం తాగే నీళ్ళకి ఐఎస్ 10500 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు) లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే దారి లేకపోతే 600 దాకా సరే. క్లోరైడ్ 250, తప్పనిసరైతే 1000. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్నవన్నీ కలిపి) 500, తప్పకపోతే 2000. అంటే ప్రమాణం ప్రకారం భేషుగ్గా తాగగలిగిన నీళ్ళలో కూడా ఇంజన్‌కి సరిపడా విషం ఉండొచ్చు. కాల్షియం, మెగ్నీషియం వేడి గోడకి సున్నంలా అంటుకుంటాయి. సరిగ్గా ఎక్కడ ఎక్కువ వేడి ఉంటుందో అక్కడే, సిలిండర్ల మధ్య సన్నటి దారుల్లో. అల్యూమినియంతో పోలిస్తే ఆ సున్నం పొర వేడిని పదుల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. క్లోరైడ్ అయితే అల్యూమినియంలో సూది గుచ్చినట్టు గుంటలు పెడుతుంది.

నల్లగొండ వైపు మిత్రుడొకాయన "మా నీళ్ళలో ఫ్లోరైడ్, అందుకే మా రేడియేటర్లు పోతాయి" అంటుంటాడు. ఇక్కడ ఫ్లోరైడ్ మీద నింద వేయడం అన్యాయం. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే చోట కాల్షియం తక్కువగా ఉండటమే తరచూ కనిపిస్తుంది. మనుషుల ఎముకలకి అది శత్రువు, రేడియేటర్ విషయంలో దోషులు వేరే.

ఇక్కడ ఒక చిన్న లెక్క. బాగా ఉన్న బండిలో ఒకసారి బోరు నీళ్ళు నింపి వదిలేస్తే, అందులో ఉన్న సున్నమెంతో అంతే, కొత్తగా పుట్టదు. అయిదు లీటర్లకి 600 చొప్పున మూడు గ్రాములు. ప్రమాదం నింపడంలో కన్నా మళ్ళీ మళ్ళీ పోయడంలో ఉంది. ఆవిరై పోయేది నీళ్ళు మాత్రమే, సున్నం లోపలే ఉంటుంది. వారానికి లీటరు చొప్పున ఎండాకాలం మూడు నెలలు పోశారనుకోండి, ఏడెనిమిది గ్రాములు చేరాయి. అదే సమయంలో తుప్పు మందు పల్చబడుతూ వచ్చింది. రెండు దెబ్బలూ ఒకే మగ్గుతో.

ఆర్వో నీళ్ళు పోయొచ్చా అని తప్పకుండా అడుగుతారు. బోరు నీళ్ళ కన్నా వెయ్యి రెట్లు నయం. కానీ ఇళ్ళల్లో పెట్టుకునే చాలా మిషన్లలో రుచి కోసం కొంత మామూలు నీటిని మళ్ళీ కలిపే ఏర్పాటు ఉంటుంది. కొన్నిటిలో ఖనిజాల గుళిక కూడా ఉంటుంది. టీడీఎస్ కొలిచే చిన్న పుల్ల మీ దగ్గర ఉంటే పెట్టి చూడండి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పోసేవాళ్ళున్నారు. సూత్రం ప్రకారం అది శుద్ధమైన నీరే, కానీ కాయిల్ మీది దుమ్ము, నాచు, లోహం అన్నీ కడుక్కుని వస్తుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ లేదా డీమినరలైజ్డ్ వాటర్ క్యాను ఖరీదు చూస్తే ఈ కక్కుర్తి అనవసరం అనిపిస్తుంది. క్యాను మీద మాత్రం చదివి కొనండి. అదే అల్మారాలో పక్కనే బ్యాటరీ యాసిడ్ కూడా ఉంటుంది. ఈ బాధ వద్దనుకునేవాళ్ళకి ముందే కలిపి అమ్మే రకం ఉంది, రెడీ టు యూజ్ అని ఉంటుంది. లీటరుకి కాస్త ఎక్కువ పడుతుంది, నీళ్ళ తగువు మాత్రం తీరిపోతుంది. దాంట్లో మళ్ళీ నీళ్ళు కలపకూడదని వేరే చెప్పాలా అంటే, చెప్పాలి. కలిపినవాళ్ళని చూశాను.

రంగుల గోల క్లుప్తంగా ముగిస్తాను. రంగు అంటే అద్దకమే. ఏ కంపెనీ ఏ రంగు వేసుకోవాలన్న కట్టడి ఎక్కడా లేదు. టయోటాలోనే ఎర్రది పాత రకం, గులాబీ రంగుది ఎక్కువకాలం మన్నే రకం. హోండాది నీలం. జనరల్ మోటార్స్ 1990ల మధ్యలో తెచ్చిన డెక్స్‌కూల్ నారింజ. ఫోక్స్‌వ్యాగన్ జీ11 ఆకుపచ్చా నీలం మధ్య ఉండేది. తర్వాత వచ్చిన జీ12 ఎర్రది. ఆ రెండూ కలిస్తే గోధుమరంగు మడ్డి తయారయ్యేది. ఆ గొడవ తీరడానికి జీ12 ప్లస్ తెచ్చారు.

రంగు కింద ఉన్న అసలు తేడా తుప్పు మందులో. పాత ఆకుపచ్చ రకంలో సిలికేట్లు, ఫాస్ఫేట్లు లోహం అంతటా ఒక పొర వేస్తాయి. త్వరగా వేస్తాయి, త్వరగా అయిపోతాయి. అందుకే రెండేళ్ళకో మూడేళ్ళకో మార్చమనేవాళ్ళు. ఓఏటీ అనే రకంలో సేంద్రియ ఆమ్లాలు తుప్పు మొదలైన చోటే పనిచేస్తాయి, కాబట్టి అయిదేళ్ళు, అంతకన్నా ఎక్కువ కూడా నిలుస్తాయి. టయోటా గులాబీ రకానికి చాలా మోడళ్ళలో మొదటిసారి 1,60,000 కిలోమీటర్లకి, ఆ తర్వాత ప్రతి 80,000 కి మార్చమంటారు. ఐరోపావాళ్ళు వాళ్ళ నీళ్ళలో సున్నం ఎక్కువని ఫాస్ఫేట్ వద్దన్నారు, ఎందుకంటే ఫాస్ఫేట్ ఆ సున్నంతో కలిసి గడ్డకడుతుంది. జపానువాళ్ళు పంపు సీలు అరుగుతుందని సిలికేట్ వద్దని, ఫాస్ఫేట్ ఉంచుకున్నారు. ఎవరి నీళ్ళ బట్టి వాళ్ళ మందు. మరి జపాను కూలెంట్‌ని తీసుకొచ్చి మన బోరు నీళ్ళలో కలిపితే ఏమవుతుందో ఇప్పుడు ఊహించుకోవచ్చు.

కాబట్టి కొనేటప్పుడు మాన్యువల్లో ఏ ప్రమాణం రాశారో చూసి, సీసా వెనక అదే ఉందా లేదా చూడండి. ఐఎస్ 5759, జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎం డీ 3306 లాంటివి (వరసగా మన దేశం, జపాను, అమెరికా ప్రమాణాలు) కనపడతాయి. ఇవి కనీస అర్హతలు మాత్రమే. కారు కంపెనీ తన సొంత నెంబరు ఇచ్చి ఉంటే అదే ముఖ్యం. "ఆకుపచ్చది ఇవ్వు బాబాయ్" అని అడిగితే షాపాయన ఆకుపచ్చదే ఇస్తాడు, ఆయన తప్పేముంది?

రకాలు కలిపితే వెంటనే జెల్లీ అయిపోతుందని భయపెట్టే వీడియోలు బోలెడు. చాలాసార్లు అంత నాటకం ఏమీ జరగదు. జరిగేది ఇంకా చప్పగా ఉంటుంది: అయిదేళ్ళు నిలవాల్సిన మందు రెండేళ్ళకే చచ్చిపోతుంది, మీకు తెలియదు. దారి మధ్యలో ఆగిపోయి, దొరికింది ఏదో పోయక తప్పకపోతే పోయండి, మినరల్ వాటర్ బాటిల్ అయినా సరే. ఇంజన్ ఎండిపోవడం కన్నా అది మేలు. కానీ ఊరు చేరాక మొత్తం మార్పించండి.

ఇప్పుడు టాప్ అప్, అంటే తగ్గినప్పుడల్లా పైన కాస్త పోయడం. దీని గురించి నాకు కాస్త కోపం ఉంది.

ఇప్పటి కార్లో కూలెంట్ తిరిగే దారి మూసి ఉంటుంది. వేడెక్కితే పొంగి డబ్బాలోకి వస్తుంది, చల్లబడితే వెనక్కి వెళ్తుంది. ఏడాదికి ఒక వేలెడు తగ్గితే తగ్గొచ్చు. నెలనెలా తగ్గుతోందంటే అది ఎక్కడికో పోతోంది. పోయే చోట్లు లెక్కపెట్టినన్నే: హోసు క్లాంపు, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచు, పంపు కింది చిన్న రంధ్రం, డ్యాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కోరు అనే చిన్న రేడియేటర్ (అది కారితే సీటు ముందు కార్పెట్టు తడుస్తుంది), మూత, చివరగా హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్. ఆరిపోయిన చోట తెల్లగానో రంగుగానో పొడి మరక ఉంటుంది. పొద్దున్నే బండి తీయకముందు టార్చి పట్టుకుని చూస్తే సగం కేసులు అక్కడే తేలతాయి. బయట మరక లేకుండా తగ్గుతోంది, స్టార్ట్ చేస్తే డబ్బాలో బుడగలు వస్తున్నాయి, పొగ తెల్లగా తియ్యటి వాసన వేస్తోంది, ఆయిల్ మూత తీస్తే పాలు ఎక్కువైన టీ రంగులో మడ్డి ఉంది అంటే, ఇక కూలెంట్ కొనడం మానేసి హెడ్డు విప్పే మనిషిని వెతకండి. వేడికి వంగిన హెడ్డుకి లేత్ షాపులో ఫేసింగ్ కొట్టించడం, అంటే చదును చేయించడం, ఒక ఖర్చు. ఫేసింగుకి కూడా అందనంతగా వంగితే, కొత్త హెడ్డు ఇంకో ఖర్చు. అయిదు లీటర్ల కూలెంట్ ఒక్క ట్యాంకు పెట్రోలు కన్నా తక్కువకే వస్తుంది.

కారే రేడియేటర్‌లో పసుపు పోసే చిట్కా లారీవాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది. పనిచేస్తుంది, అబద్ధం కాదు. పొడి వెళ్ళి రంధ్రం దగ్గర పేరుకుంటుంది. అయితే పసుపుకి ఏది రంధ్రమో, ఏది హీటర్ కోరులో సన్నటి గొట్టమో తెలియదు. దోర్నాల అడవి దారిలో రాత్రి ఇరుక్కుంటే నేనూ పోస్తాను. మర్నాడు మాత్రం కడిగిస్తాను.

దీనికన్నా పెద్ద చిట్కా ఒకటుంది, అదే నన్ను ఈ వ్యాసం రాయించింది. ఆటోనగర్‌లో నాకు తెలిసిన ఒక షెడ్డులో కిటికీ గట్టు మీద పాత పెయింటు డబ్బా ఉండేది. దాని నిండా థర్మోస్టాట్ వాల్వులు, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్ళని రేడియేటర్ వైపు వెళ్ళనివ్వకుండా ఆపే తలుపులు. ఇత్తడి పళ్ళెం, మధ్యలో స్ప్రింగు, లోపల మైనం నింపిన గుళిక. వేసవిలో బండి వేడెక్కుతోందని ఎవరొచ్చినా మొదట అది పీకి డబ్బాలో పడేసేవారు. వేడి చూపే ముల్లు కిందికి దిగేది, కస్టమర్ సంతోషంగా వెళ్ళిపోయేవాడు. ఒకసారి అందులోంచి నాలుగు తీసుకుని, అక్కడే టీ కాచే స్టవ్ మీద నీళ్ళల్లో వేసి చూశాం. మూడు బ్రహ్మాండంగా తెరుచుకున్నాయి. బుడగలు లేచేముందే, 80 దాటాక, స్ప్రింగు నెమ్మదిగా నొక్కుకుపోయి పళ్ళెం పైకి లేచింది. నాలుగోది ఎంత మరిగించినా కదల్లేదు. దోషం ఆ ఒక్కదానిదే, మిగతావాటిని ఊరికే ఉరి తీశారు.

వాల్వు లేని ఇంజన్ ఎప్పుడూ చల్లగా తిరుగుతుంది, అది మంచిదే కదా అంటారు. కాదు. ఇంకా వేడెక్కలేదని కంప్యూటర్ అనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాక మడ్డి కడుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే పక్కదారిని మూస్తుంది కూడా. అది లేకపోతే సగం నీళ్ళు రేడియేటర్ మొహం చూడకుండానే వెనక్కి తిరిగి, ఘాట్ ఎక్కేటప్పుడు అసలుకే మోసం వస్తుంది. వేడెక్కడానికి కారణం మూసుకుపోయిన రేడియేటర్ అయితే, వాల్వు పీకడం వల్ల ఆ సంగతి ఇంకో ఏడాది దాకా బయటపడదు. అప్పటికి హెడ్డు పోతుంది. వాల్వు కొత్తది వేయడానికి పట్టే సమయం, పీకడానికి పట్టే సమయం దాదాపు ఒకటే.

మార్చే పద్ధతిలో రెండే చోట్ల జనం తప్పులో కాలేస్తారు, మిగతాది మాన్యువల్లో ఉంది. ఒకటి, వేడి మీద మూత తీయడం. లోపల 105 డిగ్రీల దగ్గర పీడనంలో ఉన్న నీళ్ళు మూత తీసిన క్షణంలో ఆవిరై మొహం మీదికి లేస్తాయి. గుడ్డ వేసి తిప్పితే ఏమీ కాదన్నది అంబాసిడర్ కాలం ధైర్యం. పై హోసు చేత్తో గట్టిగా నొక్కగలిగేంత చల్లబడేదాకా ఆగండి. రెండు, గాలి. పాతది దించి కొత్తది గబగబా పోసేస్తే లోపల గాలి ఇరుక్కుంటుంది. ఆ గాలి బుడగ హెడ్డులో వేడిగా ఉన్న చోట నిలిస్తే, అక్కడ చల్లబరిచే ద్రవమే లేదు. సన్నటి ధారగా పోస్తూ, హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజన్ నడిపి, గాలి వదిలే స్క్రూ ఉంటే విప్పి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ చూడాలి. కొంచెం దిగి ఉంటుంది, అది సహజం, నింపండి. ఇక ఆ తర్వాత దిగకూడదు.

అయిదేళ్ళ మందు కదా అని పదేళ్ళు ఉంచేవాళ్ళకి ఒక సంగతి. తుప్పు మందు అయిపోయాక గ్లైకాల్ ఊరుకోదు. వేడికి విరిగి ఆమ్లాలుగా మారుతుంది. అప్పుడు అది ఉత్త నీళ్ళ కన్నా చెడ్డది. నీళ్ళు పోయమనే మెకానిక్కి నేను ఒప్పుకునే ఇంకో పావు వంతు నిజం ఇదే.

దించిన పాత కూలెంట్ కాలవలోకి, రోడ్డు మీదికి వదలకండి. తియ్యగా ఉంటుంది, వీధి కుక్కలు నాకుతాయి. కొద్దిగా తాగినా కుక్క మూత్రపిండాలు పోవచ్చు. పిల్లలున్న ఇంట్లో కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి మిగుల్చుకోవడం అంతకన్నా దారుణం.

సర్వీసు సెంటరుకి వెళ్ళినప్పుడు బిల్లులో "కూలెంట్ టాప్ అప్" అని ఉంటే, ఎంత పోశారో, ఏ రకం పోశారో జాబ్ కార్డు మీద రాయమనండి. రెండోసారి కూడా అదే లైను కనపడితే, ప్రెషర్ టెస్ట్ చేసి ఎక్కడ కారుతోందో రాయమనండి. రేడియేటర్ మూత చోట చేతి పంపు బిగించి పీడనం ఎక్కించి, ముల్లు దిగుతుందా లేదా చూసే పరీక్ష అది. పావుగంట పని. మాకు అలాంటి పంపు లేదు సార్ అంటే వేరే షెడ్డు చూసుకోండి.